సీసాకి ఉన్ని తొడుగు

కాలిన వెంట్రుకల కంపు ఒకసారి గొంతులోకి దిగిందంటే రోజంతా పోదు. అందుకే అత్తవారి పొలంలో దూడలకి ముద్రలు వేసే రోజున సులేమా ఉదయం ఏమీ తినకుండా వచ్చేది. ఈ ఏడు కూడా ఖాళీ కడుపుతోనే వచ్చింది. 

దొడ్డి మధ్యలో నిప్పులు కణకణలాడుతున్నాయి. ఇద్దరు మనుషులు దూడకి తాడేసి పడగొడుతున్నారు. ఒకడు మెడ మీద మోకాలు ఆనిస్తే, ఒకడు వెనక కాలు లాగి పట్టుకుంటున్నాడు. తొడ మీద ఎర్రటి ఇనుప ముద్ర పడి, పచ్చటి పొగ లేస్తోంది. ఆ పొగ విడిపోకముందే ముసలి మేస్త్రీ దోన్ ఫెర్మీన్ వంగి, సంచి తడిమి, కత్తితో చీల్చి, రెండు బీజాలూ బయటికి లాగి బకెట్లో వేస్తున్నాడు. గాయం మీద నల్లటి మందు పోసి దూడని లేపి తరుముతున్నారు. వెచ్చటి నెత్తురు, కాలిన తోలు, తారు కంపు కొట్టే ఆ మందు, పేడ, అన్నీ కలిసి చలికాలం మొదలవుతున్న ఏప్రిల్ నెల గాలిలో కూడా ఆవిరిలా ముఖానికి కొడుతున్నాయి.

"ఏం వదినా, ఈ ఏడు కూడా మా కూర నోటి దగ్గర లాక్కుపోతావా?" అన్నాడు అన్సెల్మో. అతను సులేమా భర్త ఓస్మార్‌కి తమ్ముడు. తండ్రి పోయాక పొలం చూసుకునేది అతనే.

"కొన్ని జతలే. మిగతావి మీరే తినండి."

"మా అన్నకి ఇంట్లో ఏం వండిపెడుతున్నావో అర్థమైందిలే."

దొడ్డి గోడ మీద కూర్చున్న మనుషులు నవ్వారు. కొంచెం అవతల కంచెకి ఆనుకుని నిలబడ్డ ఓస్మార్ కూడా నవ్వాడు. సులేమా చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, మంచుపెట్టె మూత తీసింది.

బాహియా బ్లాంకా పట్నంలోని విశ్వవిద్యాలయంలో ఆమె పని కొవ్వుల మీద. వృషణంలో వీర్యకణం ఎదిగేటప్పుడు దాని చుట్టూ ఉండే పొర మారుతూ వస్తుంది. ఆ పొర కొవ్వుతో అల్లినది. గుండ్రటి కణం సన్నబడి తోక మొలిచే వేళకి, ఒంట్లో మరెక్కడా కనపడని పొడవాటి కొవ్వులు అందులో వచ్చి చేరతాయి. లేత దూడలో అవి ఉండవు. ఈడొచ్చిన కోడెలో ఉంటాయి. ఎప్పుడు మొదలవుతాయో తెలియాలంటే ఏ వయసు దూడ నుంచి ఏది వచ్చిందో ఖాయంగా తెలియాలి. అందుకే ప్రతి జతనీ విడివిడిగా సంచిలో వేసి, ఆ దూడ చెవికున్న బిళ్ళ అంకె పైన రాసి, మంచులో పెడుతుంది.

ఒక సంచి నింపబోతుంటే అన్సెల్మో నెత్తుటి చేత్తోనే బకెట్లోంచి ఇంకోటి తీసి అందులో పడేశాడు. "ఇదిగో, జత కుదిరింది."

"ఇది ఏ దూడది?"

"దూడదేలే. గుర్రానిది కాదు."

సులేమా సంచి తిరగేసి రెండూ గోడ కింద కాచుకున్న కుక్క ముందు పారబోసింది. "పేరొకరిది, లోపల సరుకొకరిది అయితే మాకు పనికిరాదు, అన్సెల్మో. పారేయడమే."

"చూశారా, ఎంత మంచి సరుకు కుక్కపాలు చేసిందో డాక్టరమ్మ. వేయిస్తే అన్నీ ఒకటే వదినా."

దోన్యా ఎలిసేయా వంటింట్లోంచి మాతె పట్టుకొచ్చింది. సులేమా అత్తగారు. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తుంది. సొరబుర్రలో చేదాకు, వేడినీళ్ళు, ఒకటే లోహపు గొట్టం. ఒకరు పీల్చాక నీళ్ళు మళ్ళీ నింపి పక్కవారికి ఇస్తుంది. అన్సెల్మో పీల్చాడు. అతని మీసం కొసన కొవ్వు మెరుస్తోంది. గొట్టం చివర తడిగా సులేమా వైపుకి వచ్చింది. ఇంటి మనిషన్నాక ఆ గొట్టం తుడవకూడదు. ఇన్నేళ్ళుగా ఆమె తుడవలేదు. కళ్ళు మూసుకుని పీల్చి తిరిగి ఇచ్చింది.

"బాగా తాగు అమ్మాయీ. ఒళ్ళు వెచ్చగా ఉండాలి నీకు. మంగళవారం దగ్గరికొచ్చింది" అంది అత్తగారు, అందరికీ వినపడేలాగే.

మంగళవారం సంగతి పొలంలో అందరికీ తెలుసు. పట్నంలోని క్లినిక్‌లో సులేమాకి అదే ఆఖరి ప్రయత్నం. భర్త వీర్యాన్ని సన్నటి గొట్టంతో గర్భంలోకి ఎక్కిస్తారు. మూడుసార్లు ఎక్కించారు, మూడుసార్లూ నిలవలేదు. నలభై దాటాయి కాబట్టి ఇంకొక్కసారి చూద్దాం, తర్వాత నేను మీ డబ్బూ మీ ఆశా తీసుకోను అని డాక్టరు ముందే చెప్పాడు. ఓస్మార్‌ని పరీక్షించిన కాగితం చూసి ఆయన నవ్వాడు కూడా. మీ ఆయనకేం, ఆంబోతు అన్నాడు. ఆ మాటతో లోపమంతా సులేమా మీదికి వచ్చి కూర్చుంది. తొడలకి సూదులు, కడుపులోకి రంగునీళ్ళు, అత్తగారి కషాయాలు, ఏదీ కాదనలేదు ఆమె. బిడ్డ కావాలి ఆమెకి. ఆ కోరిక ముందు మిగతా రోతలన్నీ చిన్నవనుకుంది.

క్లినిక్‌లో తన వల్ల కాదన్నాడు ఓస్మార్. పక్కగదిలో నర్సులు కిసుక్కుమంటుంటారట. ఇంట్లో నువ్వు తలుపవతల ఉన్నావని తెలిసి కూడా కుదరదన్నాడు. పట్నంలో అతనికి పశువుల మందుల దుకాణం ఉంది. అక్కడి వెనకగదిలో సీసా నింపుకుని, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చేవాడు. సులేమా దానికి ఉన్నితో తొడుగు అల్లింది. చలికి వెన్న బిగిసినట్టు కణం పొరలోని కొవ్వు బిగుస్తుంది, పొర పగులుతుంది, పగిలిన కణం ఈదలేదు. ఆమెకి తెలిసినంత బాగా అది ఆ ఊళ్ళో ఇంకెవరికి తెలుసు? ఓస్మార్ స్వెట్టరు అల్లగా మిగిలిన బూడిదరంగు ఉన్ని, పైన ఎర్ర అంచు. మొదటిసారి తర్వాత అది బస్సులో ఎక్కడో పోయిందన్నాడు. తిట్టకుండా గోధుమరంగుతో ఇంకోటి అల్లిచ్చింది.

మధ్యాహ్నం దాకా పని సాగింది. ఇంకా కొన్ని దూడలే మిగిలాయనగా దోన్ ఫెర్మీన్ ఒకదాన్ని తడిమి, మళ్ళీ తడిమి, కత్తి పక్కన పెట్టాడు.

"ఇది మీకు పనికొచ్చేదేమో చూడండి అమ్మగారూ. సంచి ఖాళీ. రెండూ పొట్టలోనే ఉండిపోయాయి."

సులేమా వంగి చూసింది. ప్రయోగశాలలో ఎలుకలకి ఆమె చేసేది ఇదే. వృషణాలని పైకి పొట్టలోకి నెట్టి కుట్టేస్తుంది. ఒంటి వేడికి, ఎదిగే కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. వాటితో పాటే ఆ పొడవాటి కొవ్వులూ మాయమవుతాయి. చచ్చినవాటి కొవ్వుని పక్కనున్న పోషక కణాలు మింగి, బొట్లు బొట్లుగా లోపల దాచుకుని ఉబ్బుతాయి. పైనుంచి చూస్తే ఎలుక మామూలుగానే తిరుగుతూ ఉంటుంది.

"పెరిగితే ఏమవుతుంది ఇది?" అంది.

"ఏమవుతుంది, రంకెలేస్తుంది, ఆవుల మీదికి ఎగబడుతుంది. చూలు మాత్రం కట్టదు. ఉడికిపోయిన విత్తనం మొలుస్తుందా?" ముసలాయన దూడ నడుం మీద తట్టి, గొంతు తగ్గించాడు. "మీకు నేను చెప్పాలా. పాపం పెద్దాయన, మీ మామగారు, ఎన్ని దూడల్ని ఈ చేతుల్తో తడిమాడో. కన్నకొడుకుని తడమడానికి మాత్రం సిగ్గుపడ్డాడు. పన్నెండేళ్ళొచ్చాక గానీ కనిపెట్టలేదు. అప్పుడు కూడా, నా కొడుకు మీద కత్తి పడనివ్వనని ఒకటే గోల. ఆ మహాతల్లే మొండికేసి పట్నం తీసుకెళ్ళి కోయించి దింపించింది."

"ఏ కొడుకుని?"

దోన్ ఫెర్మీన్ ఆమె ముఖంలోకి చూశాడు. కంచె దగ్గరున్న ఓస్మార్ వైపు చూశాడు. "మీరు భార్య కదా అమ్మగారూ. తెలుసనుకున్నాను."

"ఒకటా, రెండూనా?"

"నాకు నోరు ఆగదు. ముసలితనం."

"దోన్ ఫెర్మీన్. ఒకటా, రెండూనా?"

"రెండూ" అన్నాడాయన నేల చూస్తూ. "మందు డబ్బా అయిపోయింది. ఇంకోటి అన్సెల్మో బండిలో ఉంటుంది."

"నేను తెస్తాను" అంది సులేమా.

ఓస్మార్ గజ్జల్లో అటొకటి ఇటొకటి తెల్లటి మచ్చలున్నాయి. చిన్నప్పుడు పేగు జారితే కుట్లేశారని చెప్పాడు. పెళ్ళైన కొత్తలో ఆమె వాటి మీద వేలితో రాసేది. పన్నెండేళ్ళు ఒంటి వేడిలో ఉడికాక కిందికి దింపినా, అందులో ఏం మిగులుతుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మరి ఆ కాగితం? ఆంబోతని డాక్టరు నవ్విన ఆ కాగితం ఎవరిది?

అన్సెల్మో బండి తలుపు తెరిచింది. సీటు కింద మందు డబ్బా కనపడలేదు. ముందరి అర లాగింది. తాళ్ళు, సిగరెట్లు, జిడ్డు గుడ్డ. గుడ్డ కింద, ఎర్ర అంచుతో, బూడిదరంగు ఉన్ని తొడుగు. అందులో ఇంజను ప్లగ్గొకటి దూర్చి ఉంది.

ఆమె దాన్ని తీసి చూసింది. అడుగున కుట్టు ముడి తనదే. ఇంజనాయిలు వాసన వేస్తోంది, దాని కింద అన్సెల్మో పూసుకునే అత్తరు వాసన.

అప్పుడు గొర్రెమాంసం గుర్తొచ్చింది. క్లినిక్‌కి వెళ్ళిన ప్రతిసారీ అన్సెల్మో పట్నం వచ్చాడు, గొర్రెలో సగం తెచ్చాడు. ముందు అన్న దుకాణానికి, తర్వాత ఇంటికి. ఆమె క్లినిక్ నుంచి వచ్చి నడుం కింద దిండు పెట్టుకుని కదలకుండా పడుకుంటే, అతను వంటింట్లో మాంసం కొట్టి ఫ్రీజర్లో సర్దేవాడు. "లేవకు వదినా, పడుకో, లోపల కుదురుకోనీ" అనేవాడు. ఆ మాటకి ఆమె కళ్ళు చెమర్చేవి. మంచివాడు నా మరిది, ఎంత అభిమానం అనుకునేది. అతని చేతుల మీద మాంసం వాసన, మెడ మీద అత్తరు వాసన. ఆ పూట ఆమె లోపల ఉన్నది కూడా అతనిదే.

బండి చక్రం పక్కన వంగి వాంతి చేసుకుంది. ఖాళీ కడుపులోంచి పచ్చటి చేదునీళ్ళు, మాతె రంగులో వచ్చాయి. అతని నోట్లో పెట్టుకున్న గొట్టం తన నోట్లో పెట్టుకోవడం గుర్తొచ్చి మళ్ళీ వచ్చింది. చేతికున్న రబ్బరు తొడుగులు విప్పి పారేసింది. ఒంటికి కూడా అలా విప్పి పారేసే తొడుగేదైనా ఉంటే బాగుండుననిపించింది.

వంటింట్లో దోన్యా ఎలిసేయా ఒక్కతే ఉంది. మరిగే నీళ్ళలో ముంచి తీసిన బీజాలని పళ్ళెంలో పోసుకుని, గోటితో పైపొర ఒలుస్తోంది. పొర తడితడిగా, చప్పుడు లేకుండా ఊడి వస్తోంది. ఒలిచినవి తెల్లగా, నున్నగా, నీలి నరాలతో పక్కన చేరుతున్నాయి. పెనంలో వెల్లుల్లి వేగుతోంది. ప్రతి ఏడూ మొదటి పళ్ళెం సులేమాకే పెట్టేది ఆవిడ. తిను అమ్మాయీ, కడుపు పండుతుంది అనేది. వారమంతా ప్రయోగశాలలో నూరి, వడగట్టి, వాసన పీల్చిన వస్తువునే సులేమా నమలకుండా మింగేది. అదీ బిడ్డ కోసమే.

సులేమా తొడుగుని గట్టు మీద, పళ్ళెం పక్కన పెట్టింది.

అత్తగారు ఒలవడం ఆపలేదు. చేతిలోది పూర్తి చేసి, తుడుచుకుని, అప్పుడు చూసింది.

"ఎవరు చెప్పారు?"

"మీకూ తెలుసన్నమాట."

"నాకు తెలియకపోవడమేంటి. నేనే చెప్పాను చేయమని." ఆవిడ గొంతులో తొణుకు లేదు. "వాడొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. పరీక్షకి వెళ్తే తెలిసిపోతుంది, సులే వెళ్ళిపోతుంది అని. ఏం చేయమంటావు నన్ను? ఆలస్యం నాది, నా మొగుడిది. పిల్లాడికి ఎందుకు శిక్ష?"

"నాకెందుకు?"

"నీకేం శిక్ష? బిడ్డ కావాలన్నావు. ఇంటి రక్తమే పెట్టాం. ఊరివాడిది కాదు, దారిన పోయేవాడిది కాదు. అన్నయినా తమ్ముడైనా ఒకే గర్భం, నాది."

"నా గర్భంలోకి ఏం పోస్తున్నారో నాకు చెప్పకుండా?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

 పెనంలో నూనె చిటపటలాడుతోంది.

"అన్సెల్మో భార్యకి తెలుసా?" అంది సులేమా.

"దానికెందుకు. దానికి ముగ్గురు మగపిల్లలు." అత్తగారు కత్తి తీసుకుని తెల్లటి దాన్ని బిళ్ళలుగా కోయడం మొదలుపెట్టింది. "ఆ మాటకొస్తే ఇంకో మాట కూడా చెప్తా, కోపం తెచ్చుకోకు. అదే విత్తనం అక్కడ ముగ్గుర్ని ఇచ్చింది. నీ దగ్గర మూడుసార్లూ పోయింది. అంచేత లోపం నా కొడుకొక్కడిదే అనుకోవద్దు. నీలోనూ ఉంది ఏదో."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నిజం కావచ్చు కూడా. 

"మంగళవారం ఉంది కదా ఇంకా" అంది అత్తగారు కాస్త మెత్తగా. "అన్సెల్మో వస్తానన్నాడు. తెలిసింది కాబట్టి ఇక దాపరికం కూడా లేదు. కళ్ళు మూసుకో. తొమ్మిది నెలలు పోతే ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి?"

బిళ్ళలు వేగాక, వెల్లుల్లి, కొత్తిమీర చల్లి, ఎప్పటిలాగే మొదటి పళ్ళెం సులేమా ముందు పెట్టింది. అప్పుడే మగవాళ్ళు చేతులు కడుక్కుని లోపలికి వచ్చారు. ఓస్మార్ కూర్చోబోతూ గట్టు మీదున్న తొడుగు చూశాడు. కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అన్సెల్మో చూడలేదు. "ఆకలి చంపేస్తోంది" అంటూ రొట్టె విరిచాడు.

సులేమా తన పళ్ళెం తీసి ఓస్మార్ ముందు పెట్టింది.

"నువ్వు తిను. నీకే అవసరం."

అన్సెల్మో పగలబడి నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి నవ్వు మధ్యలో ఆపి, అందరి ముఖాలూ చూసి, మెల్లగా రొట్టె నమిలాడు.

తిరుగు ప్రయాణంలో మంచుపెట్టె వెనక సీట్లో ఉంది.  పొద్దుతిరుగుడు కోసేసిన పొలాల మీద గాలి దుమ్ము లేపుతోంది.

"నీకు తెలియకూడదని కాదు, సులే" అన్నాడు ఓస్మార్.

"మరి?"

"తెలిస్తే ఒప్పుకోవేమోనని."

"తెలియకూడదంటే అదే."

"నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"పేగు జారిందని చెప్పినప్పుడు నేను ఏడవట్లేదు కదా. పెళ్ళైన కొత్త. నవ్వుతున్నాను. అప్పుడెందుకు చెప్పలేదు?"

అతను గేరు మార్చాడు. "మగాడు ఎలా చెప్తాడు ఆ మాట? అందులోనూ మా ఇంట్లో. చిన్నప్పటి నుంచి ముద్రలు వేసే రోజున దొడ్డి దగ్గర నిలబడితే నాకు ఎలా ఉండేదో నీకు తెలియదు. ఖాళీ సంచి దూడ దొరికితే అందరూ నావైపు చూసేవాళ్ళు."

అతని మీద జాలి కలగబోయింది. కలిగేదే. కానీ ఆ వెంటనే అతను అన్నాడు, "అయినా వాడు బయటివాడు కాదుగా. మా నాన్న రక్తమే."

"నా ఒంట్లోకి ఎవరిది పోయిందని నేనడుగుతుంటే, నువ్వు మీ నాన్న గురించి చెప్తున్నావు."

"సరే, తప్పే. మంగళవారం మాత్రం..."

"నన్ను ఆలోచించుకోనీ."

ఆ మాటకి అతని భుజాలు కిందికి దిగాయి. చెయ్యి చాచి ఆమె కాళ్ళ వైపు వెచ్చటి గాలి తిప్పాడు. నీకు చలి తగలకూడదు అన్నాడు.

సోమవారమంతా సులేమా ప్రయోగశాలలో సంచులు విప్పుతూ గడిపింది. ఒలవడం, తూచడం, నూరడం. ఎన్నేళ్ళుగానో చేస్తున్న పనే అయినా ఆ రోజు ప్రతి పొరా గోటికి అంటుకున్నట్టు, అత్తగారి పళ్ళెం కళ్ళ ముందు కదిలినట్టు ఉంది. రెండుసార్లు బయటికి వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చింది. కొవ్వుని కరిగించే ద్రావకం పోసి వడగట్టి పక్కన పెట్టాక, చేతులు ఖాళీ అయ్యాక, నిజంగానే ఆలోచించింది.

అడిగి ఉంటే? ముగ్గురూ ఎదురుగా కూర్చుని, మా వాడి వల్ల కాదు, తమ్ముడిది తీసుకుంటావా అని ముఖం మీద అడిగి ఉంటే? ఛీ అనేది. తలుపు విసిరికొట్టేది. నెల రోజులు మాట్లాడేది కాదు. ఆ తర్వాత, పొరుగింటి పిల్లల అరుపులు విని ఏ సాయంత్రమో, సరే అనేదేమో. అనే ఉండేది. ఆ సంగతి తనకే తెలియడం ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ రోత పుట్టించింది. అడిగితే ఇచ్చేదాన్ని దొంగిలించారు. దొంగిలించి, ఇప్పుడది నీకే పెట్టాం కదా అంటున్నారు.

మంగళవారం ఉదయం క్లినిక్‌కి ఫోను చేసి రావడం లేదని చెప్పింది. ఇంకో తారీఖు ఇవ్వమంటారా అని అవతలి అమ్మాయి అడిగింది. వద్దంది. ఫోను పెట్టేసింది. కావాలనుకున్న బిడ్డ ముఖం ఒక్కసారి కూడా ఊహించుకోలేదు ఇన్నేళ్ళూ, అరిష్టమని. ఇప్పుడు ఊహించుకుందామంటే మీసం, అత్తరు వాసన తప్ప ఏమీ రాలేదు.

ఓస్మార్ అప్పటికే దుకాణానికి వెళ్ళిపోయాడు. ఎదురుగా చెప్పాల్సిన మాట ఫోనులో చెప్పడం ఆమెకి ఇష్టం లేదు. వీధి చివరి దాకా నడిచి వెళ్ళింది.

దుకాణంలో ముందు ఎవరూ లేరు. మందు డబ్బాలు, సూదుల పెట్టెలు, దూడల చెవి బిళ్ళల కట్టలు. వెనకగది తలుపు ఓరగా ఉంది. తోసింది. కుళాయి కింద తొట్టె తళతళలాడేలా కడిగి ఉంది. కొత్త తువ్వాలు మడిచి పెట్టి ఉంది. దాని పక్కన సీసా, సీసా పక్కన గోధుమరంగు ఉన్ని తొడుగు. సీసా మీద చీటీ అంటించి ఉంది. ఓస్మార్ గుండ్రటి అక్షరాల్లో ఓస్మార్ పూర్తి పేరు.

"నువ్వు క్లినిక్‌కి వెళ్ళలేదా?" అన్నాడు వెనక నుంచి ఓస్మార్. చేతిలో చీపురుంది. "టైమవుతోంది."

"ఆలోచించుకోనీ అన్నాను."

"మరి, వద్దనలేదుగా."

సులేమా అతని ముఖం చూసింది. అతను వేళాకోళమాడటం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. రెండు రోజులు ఆమె మాట్లాడకపోతే అది ఒప్పుకోవడమనుకుని, తమ్ముడికి కబురంపి, తొట్టె కడిగి, తువ్వాలు మడిచాడు.

వీధి తలుపు గంట మోగింది. అన్సెల్మో వచ్చాడు, భుజాన తెల్లగుడ్డలో చుట్టిన గొర్రెమాంసంతో. నున్నగా గీసుకున్న గడ్డం. తడిపి దువ్విన జుట్టు. ఇస్త్రీ చొక్కా. అత్తరు వాసన మందుల వాసనని తోసుకుంటూ లోపలికి వచ్చింది. ఇన్నిసార్లూ ఇలాగే తయారై వచ్చేవాడన్నమాట. ఏ పెళ్ళికో వెళ్తున్నట్టు.

"అరె, వదినా" అని ఆగిపోయాడు. మాంసం కింద పెట్టాలో భుజాన ఉంచుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆదివారం తర్వాత అతనికి తల్లి అన్నీ చెప్పే ఉంటుంది. "అమ్మ చెప్పింది, నీకు ఇష్టమేనని."

"అమ్మ చెప్పింది, అన్న చెప్పాడు. నన్నడిగావా?"

"ఇలాంటివి ఆడవాళ్ళని ఎలా అడుగుతాం?"

"కషాయం తాగావా అని నువ్వే అడిగేవాడివి. పడుకున్నావా, దిండు సరిగ్గా పెట్టుకున్నావా అని కూడా. అవన్నీ అడగ్గలిగావు."

అన్సెల్మో మెడ ఎర్రబడింది. మాంసం గల్లా బల్ల మీద పెట్టాడు. గుడ్డలోంచి గులాబీరంగు నీళ్ళు కారి చెవి బిళ్ళల కట్ట కిందికి చేరాయి.

సులేమా సీసా చేతిలోకి తీసుకుంది. చీటీ కొస గోటితో లేపి, మెల్లగా, చిరగకుండా ఒలిచింది. బల్ల మీద ఓస్మార్ ముందు అంటించింది.

"మొన్న దొడ్లో నేను సంచి కుక్క ముందు పోశాను, గుర్తుందా?" అంది అన్సెల్మోతో.

"ఇదీ అదీ ఒకటేనా వదినా?"

"అదే నేనూ అంటున్నాను. దూడల విషయంలోనే నేను ఒప్పుకోను దీన్ని." ఓస్మార్ వైపు తిరిగింది. "క్లినిక్‌కి వద్దని చెప్పేశాను. ఇల్లు నా ఉద్యోగానికి ఇచ్చినది. సాయంత్రానికి నీ బట్టలు తీసుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్ళు. బండి ఉంది కదా ఇక్కడే, తమ్ముడితో కలిసి పో."

"సులే, బిడ్డ?"

ఆ మాట అతను, అప్పుడే ఏదో చేతిలోంచి జారిపడినట్టు అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

గోధుమరంగు తొడుగు తీసుకుని బయటికి వచ్చింది. గాలి గట్టిగా వీస్తోంది. వీధి మలుపులో చెత్తడబ్బా దగ్గర ఆగి తొడుగు అందులో వేసింది. తర్వాత వేళ్ళు వాసన చూసుకుంది. అత్తరు. గొర్రెకొవ్వు.

ప్రయోగశాలలో మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. తుడుచుకుని వాసన చూసి, మళ్ళీ రుద్దుకుంది. నిన్న వడగట్టిన కొవ్వుల్ని గాజుపలక మీద చుక్కలుగా పెట్టి, ద్రావకంలో నిలబెట్టి, పైకి పాకనిచ్చింది. ఆరాక రంగు చల్లింది. పోల్చడానికి ముందే దాచి ఉంచిన కోడెది ఒకటి, దూడలవి మిగతావి. కోడె గీతలో పైన ఆ పొడవాటి కొవ్వుల మచ్చ స్పష్టంగా ఉంది. దూడల గీతల్లో ఆ చోటు తెల్లగా ఉంది. లేనివి లేనట్టే కనపడ్డాయి. ఎవరూ తెచ్చి పెట్టలేదు అక్కడ.

ఆమె పలకని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. ఆదివారం నుంచి ఏమీ సరిగా తినలేదని అప్పుడు తెలిసింది. సంచిలో రొట్టె ఉంది, జున్ను ముక్క ఉంది. కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, మాంసం తగలని ఆ రొట్టెని కొంచెం కొంచెంగా తుంచుకుని, బాగా నమిలి తింది.